అమీనా వ్రాతయు ఆంగ్లానువాదమును: న్యాయస్థానోద్యోగుల శిక్షణపై ఒక విమర్శ

న్యాయస్థానములలోని భాషను గూర్చి మన విద్వాంసులు చేసిన చర్చ మిక్కిలిగా తీర్పుల భాషకే పరిమితమైనది. తీర్పు తెలుగున ఉండవలెనా, ఆంగ్లమున ఉండవలెనా యను ప్రశ్న 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము వెలసిన నాటి నుండియు వినబడుచునే యున్నది. కాని తీర్పునకు ముందు వ్యవహారమును నడపు వ్రాతలు కొన్ని కలవు. సమను, నోటీసు, జప్తు ఉత్తరువు, అవి చేరినవనియో చేరలేదనియో సమన్ల బంట్రోతుగాని అమీనాగాని వ్రాసి యిచ్చు నివేదిక - ఇవి భాషావిమర్శకుల దృష్టికి అంతగా రాలేదు. వీనిలో కడపటిదగు నివేదికయే ఈ వ్యాసమునకు విషయము.

దేశపు ఎల్లలు దాటు వ్యాజ్యములు హెచ్చుచున్న యీ కాలమున న్యాయస్థానోద్యోగులకు అంతర్దేశీయ న్యాయవిధానమును, న్యాయసంబంధమైన ఆంగ్లమును నేర్పవలెనను అభిప్రాయము అన్ని దేశములలోను బలపడినది. ఐరోపా సంఘము 2020 డిసెంబరులో ప్రకటించిన న్యాయశిక్షణ ప్రణాళికలో న్యాయమూర్తులతోపాటు న్యాయస్థానపు ఉద్యోగులకును అమీనాలకును స్థానము లభించినది. ఇట్టి శిక్షణ మన జిల్లాలలోను అవసరమే. అయితే దాని మొదటి పాఠము ఆంగ్లపాఠము కారాదని నా యభిప్రాయము. మొదట దిద్దవలసినది తెలుగు వాక్యము. మూలవాక్యమున అర్థము తేలనప్పుడు అనువాదకుడు రెండర్థములలో ఒకదానిని తానే యెన్నుకొనును. అటుపైని మూలమున సందిగ్ధత యుండెనన్న సంగతియే మఱుగుపడును.

1. సోమశిల సీమ

ఈ పరిశీలనకు పశ్చిమ నెల్లూరు సీమను గ్రహించుటకు కారణము కలదు. పెన్నానది వెలిగొండలను దాటి మైదానమునకు దిగుచోట సోమశిల యున్నది. దానికి ఈశాన్యమున ఆత్మకూరు, ఉత్తరమున ఉదయగిరి. ఇది మెట్టసేద్యపు సీమ; వానలు తప్పిన యేడు వలస తప్పదు. చెన్నపట్టణమునకు, బెంగుళూరునకు, హైదరాబాదునకు పోవుట పాతమాట. కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుండి కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోవువారు అనేకులు. చదువుకొన్నవారు అమెరికా, ఇంగ్లండు దేశములకు చేరిరి. ఇల్లు ఇచ్చటను మనిషి అచ్చటను ఉన్న కుటుంబమున ఆస్తి పంపకము గాని, విడాకులు గాని, అప్పు గాని వ్యాజ్యమైనచో కాగితము ఎల్లలు దాటక తప్పదు.

సోమశిల పేరు చెప్పగానే స్ఫురించు మఱియొక సంగతి కలదు. 1970లలో ఆరంభమై 1980ల చివర ముగిసిన ఆనకట్ట నిర్మాణముచేత జలాశయపు వెనుకనీటిలో కడప జిల్లా గ్రామములు మునిగినవి. ఆ నీరే కండలేరు మీదుగా రాష్ట్రపు ఎల్ల దాటి చెన్నై నగరమునకు పోవుచున్నది. గ్రామము మునిగినను ఆ గ్రామస్థుని నోట "మాది ఫలానా ఊరు" అను మాట మునుగలేదు. ఇది మన విషయమునకు దూరమైనది కాదు. "ఆయనది ఏ ఊరు?" అని బంట్రోతు అడుగును. "ఈ ఊరే" అని ఇరుగువారు చెప్పుదురు. ఇరువది యేండ్లుగా కువైటున నున్నవానికిని ఊరు ఇదియే. నీట మునిగిన పల్లె నుండి వచ్చి వేఱొకచోట ఇల్లు కట్టుకొన్నవానికిని ఊరు ఆ పల్లెయే. తెలుగున ఊరనగా పుట్టుకతోను బంధువులతోను ముడిపడినది. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు అడుగునది వేఱు: ప్రతివాది సాధారణముగా నివసించు ఇల్లు ఏది? ఈ రెండు ప్రశ్నలు ఒకటి కావని ఎఱుగని బంట్రోతు ఎంత నిజాయితీతో వ్రాసినను ఆ వ్రాత తప్పుదారి పట్టించును.

2. కాగితము నడచు దారి

శాసనమార్గమును క్లుప్తముగా చెప్పుకొందము. ఒక రాష్ట్రపు న్యాయస్థానము పంపిన సమనును వేఱొక రాష్ట్రపు న్యాయస్థానము అందజేయవలసి వచ్చినప్పుడు సివిలు ప్రొసీజరు కోడు 28వ సెక్షను వర్తించును. బెంగుళూరు నుండి ఆత్మకూరునకు వచ్చిన సమనును ఆత్మకూరు న్యాయస్థానము తానే జారీచేసినట్లు భావించి, అందజేసి, తన చర్యల వివరముతో తిరిగి పంపవలెను. 1976 సవరణ ఇందులకు ఒక నియమమును చేర్చినది. ఆ వివరము హిందీ గాని ఆంగ్లము గాని కాని భాషలోనుండి, సమను భాషతో భేదించినచో, హిందీ అనువాదమునైనను ఆంగ్లానువాదమునైనను జతపరచవలెను. కావున ఆత్మకూరు బంట్రోతు తెలుగున వ్రాసిన నాలుగు పంక్తులు బెంగుళూరులో ఆంగ్లముననే చదువబడును. అచ్చటి న్యాయాధిపతికి ఆ యనువాదమే బంట్రోతు మాట.

విదేశములతోడి వ్యవహారము ఇంకను చుట్టు దారి. న్యాయపత్రములను విదేశములలో అందజేయుటను గూర్చిన 1965 నాటి హేగు ఒడంబడికలో భారతదేశము 2006లో చేరగా 2007 ఆగస్టు 1 నుండి అది మనకు వర్తించినది. విదేశపు అభ్యర్థన కేంద్ర న్యాయమంత్రిత్వశాఖకు వచ్చి, అచ్చటి నుండి జిల్లా న్యాయస్థానమునకు చేరి, తుదకు బంట్రోతు సంచిలో పడును. ఈ ఒడంబడికలో చేరునపుడు మన ప్రభుత్వము అభ్యర్థనలు ఆంగ్లముననైనను, ఆంగ్లానువాదముతోనైనను రావలెనని ప్రకటించినది. దేశమున కిది సౌకర్యమే. కాని ఉదయగిరి కొండక్రింది పల్లెలో తలుపు తీసిన స్త్రీ చేతికి వచ్చునది ఆంగ్లపత్రము. అది ఏమని ఆమె అడుగునది బంట్రోతునే.

విదేశపు డిక్రీలను అమలుపరచు దారి వేఱు. కోడు 44ఎ సెక్షను క్రింద గుర్తింపబడిన దేశముల డిక్రీలను మన జిల్లా న్యాయస్థానము తన డిక్రీవలె అమలు చేయవచ్చును. 2020 జనవరిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు ఈ జాబితాకు ఎక్కినది. కావున దుబాయిలో పుట్టిన బాకీకి నెల్లూరు జిల్లా పొలమున అమీనా జప్తు చేయు దినము ఊహకు అందనిది కాదు. అట్లని విదేశపు తీర్పెల్ల చెల్లునని కాదు. తిరుపతిలో వివాహమైన దంపతులకు అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు న్యాయస్థానము ఇచ్చిన విడాకులను మన సుప్రీంకోర్టు 1991లో అంగీకరింపలేదు. ఆ సందర్భమున 13వ సెక్షనును వివరించుచు, ప్రతివాదికి నోటీసు అందినంత మాత్రమున సహజన్యాయము జరిగినట్లు కాదనియు, ఆ వ్యక్తి ఆ వ్యాజ్యమున తన వాదమును సమర్థముగా వినిపించుకొనగల స్థితిలో నుండెనా యని చూడవలెననియు న్యాయస్థానము తెలిపినది. ఈ మాట భాషావిమర్శకునకు ముఖ్యము. అందుట వేఱు, అర్థమగుట వేఱు అను భేదమును ఉన్నతన్యాయపీఠము గుర్తించినది. మన శిక్షణ ఇంకను గుర్తింపవలసి యున్నది.

3. నివేదికలోని వాక్యములు

కోడు అయిదవ ఆర్డరు బంట్రోతు వ్రాయవలసిన అంశములను స్పష్టముగా చెప్పినది. ఎప్పుడు, ఏ విధముగా అందజేసెను? మనిషిని గాని ఇంటిని గాని గుర్తించి చూపినదెవరు? ప్రతివాది ఇంట లేక, తగిన కాలమున దొరకునట్లును లేనిచో, అతనితో కలసి నివసించు కుటుంబమున పెద్దవయసువారికి ఈయవచ్చును. 1976కు పూర్వము అట్లు తీసికొనుటకు పురుషునికే అర్హత. ఆ సవరణతో స్త్రీకిని అర్హత కలిగినది. మగవారు వలసపోయిన సీమలో ఈ సవరణ ఎంత దూరము ప్రసరించునో వేఱుగా చెప్పనక్కఱలేదు. సంతకమునకు నిరాకరించిరేని, తగిన శ్రద్ధతో వెదకియు ప్రతివాది దొరకకున్నను, నకలును వాకిటి తలుపునకు అంటించి ఆ పరిస్థితులను వ్రాయవలెను. ఈ వ్రాతపై ఆధారపడియే ఏకపక్షముగా డిక్రీ పుట్టుచున్నది. ఇప్పుడు ఈ అవసరములకు తెలుగు వాక్యము ఎట్లు లోబడునో చూతము. క్రింది వాక్యములు వివరణకై నేను కూర్చినవి. కాని వీని తీరు తెలుగువారికి నిత్యపరిచితము.

"సంతకం చేయమన్నారు." ఈ వాక్యమునకు అర్థములు రెండు. "చేయము" అని వారన్నారనుట ఒకటి, అనగా నిరాకరణము. "చేయుము" అని ఎవరినో ఆజ్ఞాపించిరనుట రెండవది. మొదటిదానిలో ఉత్తమపురుష బహువచన వ్యతిరేకక్రియయు, రెండవదానిలో విధ్యర్థకమును సంధిలో ఒకే రూపమును పొందినవి. నోటిమాటలో స్వరము ఈ భేదమును తెలుపును. కాగితమునకు స్వరము లేదు. అనువాదకుడు మొదటి అర్థమును గ్రహించెనా, తలుపునకు అంటించుట చెల్లును. రెండవదానిని గ్రహించెనా, నిరాకరణమే లేదు. అంటించుటకు ఆధారమును లేదు. ఒక కుటుంబపు భూమి ఈ సంధిపై వ్రేలాడవచ్చును.

"ప్రతివాది లేడు." తెలుగున లేమికి తరగతులు లేవు. ఆ గడియకు ఇంట లేడా? ఆ యింట కాపురమే లేడా? దేశమున లేడా? గౌరవవాచకముతో "ఆయన లేరు" అన్నచో మరణమును సూచించుటయు కలదు. మొదటిదైనచో బంట్రోతు మఱల పోవలెను. రెండవదైనచో సమను అందలేదని తిరిగిపోవలెను. మూడవదైనచో విదేశమున అందజేయు మార్గము పట్టవలెను. నాలుగవదైనచో వారసులను చేర్చుకొను ప్రకరణము మొదలగును. నాలుగు వేఱువేఱు న్యాయఫలములను ఒక్క క్రియ మోయుచున్నది.

"నాకు తెలియదన్నాడు." తెలుగు అనుకృతివాక్యము వక్త మాటను యథాతథముగా నిలుపును. ఇందలి "నాకు" అనునది చెప్పినవానిదే గాని వ్రాసినవానిది కాదు. దీనిని మాటకు మాటగా ఆంగ్లమున పెట్టినచో తెలియనివాడు బంట్రోతు అగును. ఇంటి ఆచూకీ చెప్పవలసినవాడు తెలియదన్నాడా, వెదకవలసినవాడు వెదకలేదా యన్నది ఈ యొక్క సర్వనామముపై తేలును.

"సదరు వ్యక్తి అన్నగారికి ఇచ్చితిని." ఇందు చిక్కులు రెండు. పైని ఇద్దరు ముగ్గురిని పేర్కొన్న తరువాత సదరు వ్యక్తి యెవడు? కార్యాలయభాషకు గాంభీర్యము నిచ్చునను భ్రమతో వాడు ఈ మాట పేరును చెప్పవలసినచోట పేరును మ్రింగివేయుచున్నది. రెండవది బంధుత్వము. తెలుగున పెదతండ్రి కుమారుడును అన్నయే, పెదతల్లి కుమారుడును అన్నయే. కోడు అడుగునది అతడు ప్రతివాదితో కలసి నివసించు కుటుంబసభ్యుడా యని. ఆంగ్లమున "బ్రదర్" అని పెట్టగానే వేఱు కాపురమున్న దాయాది సైతము ఒక తల్లి బిడ్డయై ఒక కప్పు క్రిందికి వచ్చును.

కాలమును గూర్చియు ఒక మాట. మన లెక్కలో దినము సూర్యోదయముతో మొదలగును. "శనివారం రాత్రి రెండు గంటలకు" అన్నచో ఆంగ్లపంచాంగమున అది ఆదివారము. ఇంటిపేరును ముందుంచు మన నామవిధానము పాసుపోర్టులోని రెండు గడులలో తాఱుమాఱగుటయు, వివాహమైన స్త్రీకి ఒక పత్రమున పుట్టినింటిపేరును ఒక పత్రమున మెట్టినింటిపేరును ఉండుటయు ఈ కోవలోనివే. ఇవి చిన్నవి, కాని గుర్తింపు నిలుచునది ఇట్టి చిన్నవానిపైననే.

4. పూర్వుల కృషి

ఈ సమస్యను మనవారు ఎన్నడును ఎదుర్కొనలేదని తలపరాదు. న్యాయశాస్త్రమును తెలుగున చెప్పిన తొలివారిలో అగ్రగణ్యుడు కేతన ఈ నెల్లూరు సీమకు చెందిన తిక్కన కాలమువాడు. తన దశకుమారచరిత్రమును తిక్కనకే అంకితమిచ్చెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుని వ్యాఖ్యయగు మితాక్షరను ఆధారముగా గొని అతడు విజ్ఞానేశ్వరీయమును రచించెను. తెలుగునకు తెలుగులో తొలి వ్యాకరణమగు ఆంధ్రభాషాభూషణమును అతనిదే. ధర్మశాస్త్రమును, వ్యాకరణమును ఒకే కలమునుండి వెలువడుట నాకు యాదృచ్ఛికముగా తోపదు. మితాక్షరలో వ్యవహారము నాలుగు పాదములుగా చెప్పబడినది. అందు మొదటిదియగు అభియోగమునకు "భాష" అనియే పేరు. అభియోగమును సంవత్సరము, మాసము, పక్షము, దినము, పేరు మొదలగు గుఱుతులతో, ప్రతివాది యెదుట, వాది చెప్పినది చెప్పినట్లుగా వ్రాయవలెనని యాజ్ఞవల్క్యుని విధి. రాజముద్రతోగాని మనుష్యునితోగాని ప్రతివాదిని పిలిపించు పద్ధతియు మితాక్షరలో చర్చింపబడినది. నేటి బంట్రోతు నివేదికకు కావలసిన గుణములన్నియు ఈ విధులలో బీజరూపమున నున్నవి. వానిని తెలుగు వచనమున పెంచుకొనకపోవుట మన కొఱత.

పందొమ్మిదవ శతాబ్దిలో కృషి నిఘంటువుల దారి పట్టినది. న్యాయాధికారిగా కచ్చేరీల తెలుగును ప్రతిదినము వినిన బ్రౌను 1852లో జిల్లా డిక్షనరీని, 1854లో మిశ్రభాషా నిఘంటువును వెలువరించెను. విల్సను న్యాయ రెవెన్యూ పదకోశము 1855లో వచ్చినది. వీని ఉపకారము గొప్పది. అమీను, నాజరు, జప్తు, నకలు, వాయిదా, హాజరు - ఈ పారసీక అరబ్బీ పదములు, వాది, సాక్షి వంటి సంస్కృతపదములు, సమను, డిక్రీ, అప్పీలు వంటి ఆంగ్లపదములు మన న్యాయభాషలో మూడు పొరలుగా నున్నవి. ఆ పొరలను విడదీసి చూపిన ఘనత ఆ కోశములది. అయినను పదకోశమునకు ఒక హద్దు కలదు. పైని చూచిన వాక్యములలో తెలియని పదము ఒక్కటియు లేదు. అయినను అర్థము చెడినది. పదము తెలిసినను వాక్యము తెలియదని బ్రౌను ఎఱుగును. 1852 నాటి అతని వాక్యావళి పదములను విడిచి వాక్యములనే పాఠములుగా కూర్చినది. న్యాయభాషలో అతని వెనుకవారు కోశమునే అనుసరించి వాక్యావళిని మఱచిరి.

పదము సైతము ఎల్ల దాటిన పిదప అదే అర్థమున నిలువదనుటకు ముద్దాయి యను మాట నిదర్శనము. ఉర్దూలో ముద్దయీ యనగా వాది. తెలుగు వ్యవహారమున ముద్దాయి యనగా నేరము మోపబడినవాడు. నిజాము రాజ్యపు న్యాయస్థానములలో ఉర్దూ నడచినది. అచ్చటి పాతదస్తావేజు నకలును నెల్లూరి గుమాస్తా తన తెలుగుతో చదివినచో వాదియు ప్రతివాదియు స్థానములు మార్చుకొందురు. ఆంగ్లపదములకును ఇదియే గతి. ఎగ్జిక్యూషన్ అను మాట డిక్రీ అమలునకును చెల్లును, మరణదండన అమలునకును చెల్లును. కావున న్యాయాంగ్లము నేర్పువారు పదముల పట్టికనిచ్చి ఊరకుండరాదు. ప్రతిపదమును అది నిలిచిన వాక్యముతోను, ఆ వాక్యము కలిగించు ఫలముతోను నేర్పవలెను.

మన సృజనసాహిత్యము న్యాయస్థానమును విడువలేదు. వీరేశలింగముగారి వ్యవహారధర్మబోధిని, గురజాడవారి కన్యాశుల్కము వకీళ్లను, సాక్షులను, ఉద్యోగులను ఎండగట్టినవి. ఆ హాస్యము సమాజమునకు మేలు చేసినది. కాని ఆ చూపు మనుష్యుల దుర్బుద్ధిపై నిలిచినది. సద్బుద్ధి గల ఉద్యోగి వ్రాసిన చెడువాక్యము కూడ అన్యాయమునకు కారణము కాగలదను సంగతిని పరిశీలించుట విమర్శకుల వంతు.

5. శిక్షణ ఎట్లుండవలెను?

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. బంట్రోతునకు ఆంగ్లమే నేర్పి, నివేదికను ఆంగ్లముననే వ్రాయించినచో అనువాదపు చిక్కే యుండదు గదా యని. ఇది సులభోపాయముగా తోచును గాని నిలువదు. వాకిటిలో జరిగిన సంభాషణ తెలుగున జరిగినది. బంట్రోతు ఆంగ్లమున వ్రాసినను అనువాదము జరుగనే జరుగును. కాగితముపై జరుగవలసినది అతని మనస్సులో జరుగును. అప్పుడు సరిచూచుటకు మూలము కూడ మిగులదు. తెలుగు నివేదికయున్నచో ప్రతివాది పక్షపు వకీలు దానిని చూపి ప్రశ్నింపగలడు. ఆ బంట్రోతును ప్రమాణముపై విచారించుటకు అయిదవ ఆర్డరు 19వ నియమము న్యాయాధిపతికి అధికారమిచ్చుచున్నది. ఆ విచారణ సార్థకమగుటకు అతని మొదటి మాట అతని భాషలోనే నిలిచియుండవలెను.

ఐరోపా అనుభవము మఱియొక దిక్కును చూపుచున్నది. 2022 జులై 1 నుండి అచ్చట అమలులోనున్న నిబంధన ప్రకారము, తనకు అర్థమగు భాషయు, తానున్నచోటి అధికారభాషయు కాని భాషలో వచ్చిన పత్రమును స్వీకర్త అప్పుడే గాని రెండు వారముల లోపల గాని నిరాకరింపవచ్చును. ఆ హక్కున్నదని అతనికి తెలుపు పత్రమును జతపరుపవలెను. మనకు అట్టి నిరాకరణపు హక్కు లేదు. కాని సివిలు ప్రొసీజరు కోడు 137వ సెక్షనులో ఒక ఆధారము కలదు. ఆంగ్లము తెలియని కక్షిదారు కోరినచో న్యాయస్థానపు వ్రాతకు అచ్చటి భాషలో అనువాదము ఈయవలెను. కోరినచో అనునదే కీలకము. కోరవచ్చునని ఎఱుగనివాడు ఎట్లు కోరును?

కావున శిక్షణలో మూడు భాగములుండవలెనని సూచింతును. మొదటిది తెలుగు నివేదిక. "నేను", "ఆమె" అని కర్తను విడువక వ్రాయుట. లేడు అనుటకు మాఱుగా ఎచ్చట లేడో, ఎంతకాలముగా లేడో, ఎవరు చెప్పిరో వ్రాయుట. ఇతరుల మాటను గుఱుతుల నడుమ ఉంచుట. బంధుత్వమును "తండ్రి అన్న కుమారుడు, వేఱు కాపురము" అని విప్పి చెప్పుట. గంటలను తేదీతో జతపరచుట. "సంతకం చేయమన్నారు" అనువాడు "సంతకము చేయుటకు ఆమె ఒప్పుకొనలేదు" అని వ్రాయ నేర్చిన దినమున సగము శిక్షణ ముగిసినట్లే. రెండవది ఆంగ్లము. అట్లు తేలిన తెలుగు వాక్యమునకు నిలుకడయైన ఆంగ్లవాక్యములను జంటగా ఇచ్చు ఒక క్రొత్త వాక్యావళి కావలెను. విదేశమునుండి వచ్చు పత్రములలోని వాక్యములకును అట్లే తెలుగు జంటలు కావలెను. మూడవది నోటిమాట. ఆంగ్లపత్రమును అందుకొన్నవారికి అది ఏ న్యాయస్థానమునుండి వచ్చినది, ఏ తేదీకి సంబంధించినది, అనువాదమును ఎవరిని కోరవలెను, వకీలును ఎంతలోపల కలియవలెను - ఇంతవఱకు తెలుగున చెప్పుటకు బంట్రోతు శిక్షితుడు కావలెను. అంతకు మించి సలహా చెప్పకుండుటకును శిక్షితుడు కావలెను.

ఈ మూటిలో మొదటిదియు మూడవదియు తెలుగు శాఖల పని. 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము రైతు నోటి మాటలను శాస్త్రీయముగా సేకరించుటకు దారి చూపినది. ఆ దారిలో పరిశోధకవిద్యార్థులు న్యాయస్థానపు నివేదికలను, పేర్లు తొలగించి, అధికారుల అనుమతితో సేకరించి, అందలి వాక్యరీతులను వర్గీకరింపవచ్చును. ఆత్మకూరు, ఉదయగిరి న్యాయస్థానములతో మొదలిడినను చాలు. ఇది పట్టమునకై చేయు పరిశోధనకు అల్పవిషయమని తలచువారుందురు. అమీన్ అను అరబ్బీ పదమునకు నమ్మదగినవాడని అర్థము. న్యాయస్థానము అతని వ్రాతను నమ్మియే ఒకరి పొలమును జప్తు చేయించుచున్నది, ఒకరి వివాహమును రద్దుపరచుచున్నది. ఆ వ్రాత ఏ అర్థమున నమ్మదగినదో పరిశీలించుట వ్యాకరణము నేర్చిన మనకు తగినపనియే యని విన్నవించుచున్నాను.